సినిమావాళ్ళు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు, చీటీలు సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ ప్రశ్న వేసినవాళ్ళు సావిత్రి, ఎన్టీఆర్ లాంటివాళ్ళ ఉత్తరాలు ఎక్కడ కొనాలి అని కూడా అడిగారు చూడండి, నాకు అక్కడే అభ్యంతరం. పెద్ద పేర్లతో బజార్లో తిరిగేవి చాలావరకు నకిలీలే. లెక్కలు అడక్కండి, నా కంటపడ్డ సరుకును బట్టి చెప్తున్నా.

హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఒకాయన నేను తరచూ వస్తుంటానని "సార్, మీ కోసం ఒకటి దాచా" అంటూ ప్లాస్టిక్ కవర్లోంచి ఒక నీలం ఇన్లాండ్ తీశాడు. సావిత్రి గారు 1958లో తోటి నటికి రాశారట. మడతలు చిరిగి, అంచులు టీ రంగుకి తిరిగి, చూడగానే గుండె ఝల్లుమనేలా ఉంది. తీరా వెనక్కి తిప్పితే అడ్రసు చివర మద్రాసు 600017 అని! పిన్‌కోడ్ మన దేశంలో మొదలైందే 1972 ఆగస్టు 15న. అంతకుముందు టీనగర్‌కి రాయాలంటే "మద్రాసు-17" అని రాసి ఊరుకునేవాళ్ళు. అది చాలదన్నట్టు కింద తమిళనాడు అని కూడా రాశాడు ఆ మహానుభావుడు, ఆ రాష్ట్రానికి ఆ పేరు వచ్చింది 1969లో. ఇదేంటయ్యా అంటే ఆయన ఏమాత్రం తొణకలేదు. "పోనీ 1978 అనుకోండి సార్, రెండు వేలు తగ్గిస్తా" అన్నాడు.

కాబట్టి చేతిరాత జోలికి వెళ్ళేముందు అడ్రసు, పోస్టు ముద్ర, తేదీ చూడండి. ఇంకో రకం ఉంది, బాపు గారు రమణ గారికి రాసిన ఉత్తరం అంటూ మా వాట్సాప్ గ్రూపులో పడుతుంటుంది. బాపు గారి రాత ఫాంటుగా వచ్చి ఎన్నేళ్ళయిందో, పెళ్ళి శుభలేఖల నిండా అదే కదా! నాలుగు "క"లు వరుసగా చూడండి, నాలుగూ అచ్చుగుద్దినట్టు ఉంటే అది కంప్యూటర్ రాసిందే. అయినా మావాళ్ళు చేతులు జోడించే బొమ్మలు పెడుతూనే ఉంటారు.

2014లో బేస్‌బాల్ ఆటగాడు జో డిమాజియో హాలీవుడ్ నటి మార్లిన్ మన్రోకి రాసిన ఉత్తరం అమెరికాలో వేలానికి పెడితే 78,125 డాలర్లు పలికింది. ఆ వార్త చదివిన దగ్గర్నుంచి మనవాళ్ళకీ ఆశ పుట్టిందనుకుంటా. ఇప్పటివాళ్ళ ఉత్తరాలంటారా, అమితాబ్ బచ్చన్ నటన నచ్చితే స్వయంగా ఉత్తరం రాసి పూలతో పంపుతారు, 2018లో "పద్మావత్" చూసి రణ్‌వీర్ సింగ్‌కి అలాగే పంపారు. అందుకున్నవాళ్ళు వెంటనే ఫొటో తీసి సోషల్ మీడియాలో పెట్టేస్తారు, కాగితం ఫ్రేములోకి పోతుంది, మనదాకా రాదు.

నన్నడిగితే అసలు సరుకు చిన్న చీటీలు. ఇంటింటా ఫోను లేని రోజుల్లో మద్రాసులో వాహిని స్టూడియోలో ఉన్నాయన ఏవీఎం స్టూడియోలో ఉన్నాయనకి ఏదైనా చెప్పాలంటే చీటీ రాసి ప్రొడక్షన్ బాయ్ చేతికివ్వడమే. తెనాలిలో ఒక పాత అసిస్టెంట్ డైరెక్టరు గారింట్లో నాకు దొరికిందొకటి, మాటల రచయిత ఓ హాస్యనటుడికి రాసింది. సిగరెట్ పెట్టె అట్ట లోపలివైపు పెన్సిల్‌తో, "సీను మారింది, పాతది బట్టీ పట్టకు, ఫ్లాస్కులో కాఫీ తే" అంతే. సంతకం కూడా లేదు. దీన్ని దొంగరాత రాయడానికి ఎవడికి ఓపిక, రాసినా కొనేదెవడు? అందుకే నమ్ముతాను. పైగా షూటింగ్ ఎలా జరిగేదో ఇందులో తెలిసినంత ఏ హీరో ప్రేమలేఖలోనూ తెలియదు.

దొరికాక దయచేసి లామినేషన్ చేయించకండి. ఆ ప్లాస్టిక్ వేడికి కరిగి కాగితాన్ని పట్టేసుకుంటుంది, మళ్ళీ ఊడదీయాలంటే కాగితమే పోతుంది. తాతగారి మీద ప్రేమకొద్దీ వాళ్ళ ఉత్తరాలన్నీ లామినేట్ చేయించి నాకు గర్వంగా చూపించిన మనవళ్ళున్నారు, ఏమనాలో తోచదు. ఇంకోటి, కాగితం మీ సొంతమైనా అందులో మాటల మీద కాపీరైటు రాసినవాళ్ళదే, వాళ్ళు పోయాక వారసులది, అచ్చు వేసేముందు అడగండి.

తెనాలి, బందరు వైపు ఎవరింట్లోనైనా సినిమావాళ్ళ పాత ట్రంకుపెట్టె ఉంటే, కాగితాలు కిలోల లెక్కన వేసేముందు నాకో మెసేజ్ పెట్టండి. కొనలేకపోయినా వచ్చి చదివి వెళ్తాను.