విల్లుతో వేట నేర్చుకోవాలని ఉంది, వరంగల్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న అడిగినవారు హనుమకొండలో డిగ్రీ చదువుతున్నారట. అమెరికాలో విల్లుతో జింకలను కొట్టే వీడియోలు చూశాక కప్పీలతో పనిచేసే ఒక కాంపౌండ్ విల్లు కొనుక్కుని, ఏటూరునాగారం వైపు ఎవరి దగ్గరైనా వేట మెలకువలు నేర్చుకోవాలని ఉందట. ఇప్పటికే కొందరు విల్లుల రకాలు, ధరలు రాశారు. నేను ఆ జోలికి పోను. పదేళ్లకు పైగా విల్లు పట్టిన మనిషిగా, అందులో నాలుగేళ్లు తాడ్వాయి మండలంలో పిల్లలకు లెక్కలు చెప్పిన టీచరుగా నాకు తెలిసింది చెబుతాను.

ముందు వేట సంగతి. కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. జంతువు చావనక్కర్లేదు, వేటాడబోయినా వేట కిందే లెక్క. ఆ చట్టం ఆయుధాల జాబితాలో విల్లు, బాణాల పేరు స్పష్టంగా ఉంది. ఏటూరునాగారం, పాకాల రెండూ అభయారణ్యాలు. అనుమతి లేకుండా భుజాన విల్లు వేసుకుని వాటిలో అడుగుపెట్టడమే తప్పు. అక్కడ జంతువును కొడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు. అడవి పందులు పంట పాడుచేస్తున్నాయి కదా అంటారేమో, వాటిని కొట్టడానికి కూడా అధికారులు అనుమతించినవారికే హక్కు. నేర్చుకునే కుర్రవాళ్లకు కాదు. అమెరికాలో లైసెన్సు ఉంటుంది, కాలం ఉంటుంది, ఎన్ని కొట్టాలో లెక్క ఉంటుంది. అక్కడి వీడియో చూసి ఇక్కడి అడవిలోకి నడవకూడదు.

అయినా మీ కోరికను నేను కొట్టిపారేయను. వేటగాడికి ఉండే విద్య గొప్పది. అది ప్రాణం తీయకుండా కూడా నేర్చుకోవచ్చు. నేను నేర్చుకున్నది ఒక వేటగాడి దగ్గరే.

అంతకుముందు నగరంలో ఒక శిక్షణ కేంద్రంలో చేరాను. అప్పటికి నాకు ముప్పయ్యారేళ్లు. మొదటి రోజే ముప్పై పౌండ్ల విల్లు చేతికిచ్చారు. అంటే నారిని పూర్తిగా లాగినప్పుడు దాదాపు పదమూడున్నర కిలోల బరువు వేళ్ల మీద ఉంటుంది. కొత్తవారికి పద్దెనిమిది, ఇరవై పౌండ్లు చాలు. అక్కడ ఉన్న విల్లు అదొక్కటే కాబట్టి అదే ఇచ్చారు. మోచేయి లోపలికి తిరిగి ఉండడంతో నారి వచ్చి ముంజేతికి తగిలింది. మణికట్టు నుంచి మోచేతి దాకా వంకాయ రంగు. వారం తిరగకముందే భుజం పట్టేసింది, మూడు నెలలు విల్లు ముట్టలేదు. ఆదిలోనే హంసపాదు అంటారే, అలాగైంది. తొలి రోజే పిల్లల చేత బాణం వేయించి ఫోటో తీసి తల్లిదండ్రులకు పంపే ఇలాంటి చోట్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. ఫోటో కోసం భుజాలు పాడుచేస్తున్నారు. ఆ తల్లిదండ్రుల్లో చాలామందికి కూడా కావలసింది క్రీడా కోటాలో పనికొచ్చే సర్టిఫికెట్టే కానీ విద్య కాదు.

తాడ్వాయి వైపు బదిలీ అయ్యాక అదే బరువున్న విల్లు ఒకటి కొని తీసుకెళ్లాను. ఆశ్రమ పాఠశాల వెనక ఖాళీ స్థలంలో గడ్డిమోపు నిలబెట్టి, సాయంత్రాలు పదిహేను అడుగుల దూరం నుంచి వేసేదాన్ని. ఆదివారాలు మనవరాలిని చూడడానికి ఒక కోయ పెద్దాయన వచ్చేవాడు. చేతిలో మోదుగాకు పొట్లం, అందులో ఇప్పపువ్వో, తునికి పండ్లో. ఒక ఆదివారం గోడకు ఆనుకుని నేను వేసిన బాణాలన్నీ చూశాడు. ఏమీ అనలేదు. మరుసటి ఆదివారం తన విల్లు తెచ్చాడు.

ఆ విల్లు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఇంట్లో పొయ్యి పైన వేలాడదీసి ఉంచడం వల్ల పొగ పట్టి నల్లగా నిగనిగలాడుతున్న వెదురు. నారి కూడా తాడు కాదు, సన్నగా చీల్చి నునుపు చేసిన వెదురు బద్ద. రెండు కొసల దగ్గర మాత్రం నారతో కట్లు. బాణాలు రెల్లుతో చేసినవి. ములికి చిటికెన వేలంత ఇనుము. తోక దగ్గర ఈకలను దారంతో చుట్టి బంక పూశాడు. నా విల్లుకున్న గురి చూసే సైటు, ఊగకుండా ఆపే కడ్డీ, ఏవీ లేవు.

గడ్డిమోపుకు ఇరవై అడుగుల దూరంలో నిలబడి బాణం ఎక్కుపెట్టాడు. చెంప దాకా లాగాడు. ఆ వయసులో ఆ చేయి కొంచెమైనా వణకలేదు. ఇక వదులుతాడనుకున్న క్షణంలో గడ్డిమోపు వెనక, వంటగది మలుపు దగ్గర, ఒక లేగదూడ తల కనిపించింది. నేను కేక వేసేలోపే ఆయన బాణాన్ని దించడం మొదలుపెట్టాడు. బావిలోకి నీళ్లు తొణకకుండా చేదను దించినట్టు, అంత నిదానంగా. నారి చప్పుడు కాలేదు. బాణం వేళ్ల మధ్య అలాగే ఉంది. దూడను తోలి వచ్చాక నా వైపు తిరిగాడు.

"పోయిన ఆదివారమంతా చూశాను బిడ్డా. లాగిన ప్రతి బాణాన్నీ వదిలేస్తున్నావు. ఒక్కటి కూడా దించలేదు."

"వదలడానికే కదా తాతా లాగేది?"

"లాగాక కదా సరిగా చూసేది. చూశాక వద్దనిపిస్తే?"

దించి చూపించమన్నాడు. నా విల్లు తీసుకుని లాగాను. దించబోతే చేయి వశం తప్పింది. భుజం వణికింది, బాణం పక్కకు జారింది, నారి నా వేళ్లను లాక్కుని ముందుకు పోయింది. మళ్లీ లాగాను. మళ్లీ అంతే. అప్పుడు అర్థమైంది, ఇన్నాళ్లూ బాణాలను నేను వదలడం లేదు, బరువు మోయలేక అవి చేజారిపోతున్నాయి. ఆ సాయంత్రం చీకటి పడేదాకా ఆయన నా చేత ఒక్క బాణం కూడా వేయించలేదు. లాగడం, ఆగడం, దించడం, అంతే. మర్నాడు సుద్దముక్క పట్టుకోవడానికి వేళ్లు సహకరించలేదు.

ఆ తరువాత చాలా ఆదివారాలు తన యవ్వనం గురించి చెప్పాడు. భూమి పండుగకు ఊరి మగవాళ్లంతా కలిసి అడవికి పోయే రోజులవి. నీళ్ల దగ్గర, గాలి తమ ముఖానికి తగిలే వైపున కూర్చుని, ఇరవై అడుగుల దూరానికి జంతువు వచ్చేదాకా కదలకుండా ఉండేవారట. పంది వెనక పిల్లలు కనిపిస్తే దించడమే. కొమ్మ అడ్డొస్తే దించడమే. తల ఇటు తిప్పి ఉంటే దించడమే. బాణం తుపాకీ గుండులాంటిది కాదని ఆయన పదేపదే చెప్పేవాడు. ములికి లోపల కోసి నెత్తురు కారితేనే జంతువు పడుతుంది. గుండెకో ఊపిరితిత్తులకో తగిలితే త్వరగా పడుతుంది. పొట్టలో దిగితే పొదల్లోకి పోయి, గంటల తరబడి కొట్టుకుని, ఎవరికీ దక్కకుండా చస్తుంది. అమెరికా వేటగాళ్లు కూడా బాణం వేశాక వెంటనే పరుగెత్తరు, అరగంటో ఇంకా ఎక్కువో ఆగి నెత్తురు చుక్కల వెంట వెళతారు. వీడియోల్లో ఆ భాగాన్ని కత్తిరించి చూపిస్తారు.

మన కథల్లో వేట బాణాలు ఎవరికి తగిలాయో ఒకసారి గుర్తు చేసుకోండి. దశరథుడు నీళ్ల చప్పుడు విని ఏనుగనుకుని వేస్తే, తల్లిదండ్రుల కోసం కుండ ముంచుతున్న మునికుమారుడికి తగిలింది. పాండురాజు జింకనుకుని వేస్తే ముని. చివరికి కృష్ణుడి పాదాన్ని జింక అనుకున్న బోయ కూడా అంతే. వీళ్లెవరూ గురి తప్పలేదు. కావలసినంత సేపు చూడలేదు.

ఇప్పుడు మన జిల్లాల్లో విల్లు పట్టే వేటగాళ్లు ఎక్కడున్నారు? చేల అంచున కరెంటు తీగలు పరుస్తున్నారు. తీగకు కళ్లుండవు. పంది వచ్చినా, పులి వచ్చినా, రాత్రిపూట నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతు వచ్చినా దానికి ఒకటే. ఉత్తర తెలంగాణలో ఇలా పోయిన మనుషుల వార్త చదివినప్పుడల్లా నాకు ఆ పెద్దాయన దించిన బాణమే గుర్తుకు వస్తుంది.

మీ విషయానికి వస్తే, కాంపౌండ్ విల్లు మీద మనసు పడడం తప్పు కాదు. మన పెద్దపల్లి జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత 2025లో కెనడాలోని విన్నిపెగ్‌లో అండర్-21 ప్రపంచ ఛాంపియన్ అయింది కాంపౌండ్‌లోనే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ కూడా ఉంటుంది. కానీ దానికి కప్పీలుంటాయి. పూర్తిగా లాగాక బరువులో అయిదో వంతో, మూడో వంతో మాత్రమే చేతి మీద మిగులుతుంది. కొత్తవారికి అదే ప్రమాదం. తమ భుజం ఎంత మోయగలదో తెలియకుండానే పెద్ద బరువు లాగేస్తారు. అదే నేల విడిచి సాము. అందుకే ముందు వెదురు విల్లు పట్టండి. మన దేశంలో వెదురు విల్లుతోనే ఆడే ఇండియన్ రౌండ్ పోటీలున్నాయి, 30 మీటర్లు, 50 మీటర్ల దూరాలకు. ఒలింపిక్స్‌లో వాడే రికర్వ్‌లో, అంటే కొసలు ముందుకు వంగిన విల్లుతో, 70 మీటర్లు, అది తరువాతి మాట.

కొనే ముందు మీ కుడి కన్ను బలమైనదో ఎడమ కన్నో చూసుకోండి. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న ఒక వస్తువును అందులోంచి చూడండి. ఒక్కో కన్ను మూసినప్పుడు ఆ వస్తువు ఏ కంటికి కదలకుండా ఉంటే అదే మీ గురి కన్ను. కుడిచేతి వాటం ఉన్నవారికి ఎడమ కన్ను బలంగా ఉండడం మామూలే, అది తెలియక నెలల తరబడి గురి కుదరడం లేదని బాధపడినవాళ్లను చూశాను. ముంజేతికి తోలు పట్టీ లేకుండా విల్లు ఎత్తకండి. బాణం లేకుండా నారి లాగి వదలకండి, బాణంలోకి పోవలసిన బలమంతా విల్లులోకే తిరిగొచ్చి అది పగిలిపోతుంది. నారిని పట్టేది మూడు వేళ్లతో, బాణం తోకకు పైన చూపుడు వేలు, కింద రెండు. బొటనవేలికి పని లేదు. ఏకలవ్యుడి కథ విన్న పిల్లలు ఇది చెప్పగానే అపనమ్మకంగా చూస్తారు, అప్పుడు నాకు భలే సంతోషంగా ఉంటుంది.

లాగాక దించలేకపోతే ఆ విల్లు మీకు బరువెక్కువ. ఇంతకంటే మంచి పరీక్ష లేదు. ఇంకొక చిక్కు కూడా దీనితోనే తీరుతుంది. కొన్ని నెలలు గడిచాక గురి మధ్యలోని పసుపు రంగును తాకగానే వేళ్లు మన మాట వినకుండా వదిలేయడం మొదలవుతుంది. పెద్ద పెద్ద ఆటగాళ్లను కూడా పీడించే జబ్బు ఇది. రోజూ లాగిన వాటిలో నాలుగో వంతు దించేవారికి ఇది రాదని నా నమ్మకం. నాకు రాలేదు.

ఊళ్లో నేర్చుకోవాలంటే హనుమకొండలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి వెళ్లి, జిల్లా క్రీడల అధికారి కార్యాలయంలో శిక్షకుల గురించి అడగండి. వేటగాడి విద్య కావాలంటే మాత్రం నాతో రండి. గీసుకొండ దగ్గర మా చెల్లెలి మామిడి తోటలో, చెరువు కట్టను వెనక ఉంచుకుని, దూరాలు కొలవకుండా గడ్డిమోపులు పెట్టుకున్నాం. కొన్ని కొమ్మల చాటున, కొన్ని గుంటలో. ఎంత దూరమో కంటితోనే అంచనా వేయాలి, గాలి చూసుకోవాలి, అడుగు చప్పుడు కాకుండా నడవాలి. ప్రతి మోపు దగ్గరా వేయాలా దించాలా అన్నది మీరే తేల్చుకోవాలి. మా చెల్లెలు ఒక్కోసారి చెప్పకుండా ఒక మోపు వెనక మేకను కట్టేస్తుంది.

ఆదివారం ఉదయం ఆరింటికి మొదలుపెడతాం. రావాలనుంటే ఈ జవాబు కింద రాయండి. కొత్త విల్లేదీ కొనకండి, నా దగ్గర పద్దెనిమిది పౌండ్లది ఒకటి ఖాళీగా ఉంది. మొదటి ఆదివారం మాత్రం ఒక్క బాణం కూడా వదలనివ్వను.