రష్యన్ వస్తే చెక్ భాష దానంతటదే అర్థమవుతుందా?

ఈ ప్రశ్న అడిగినవారికి నేను చెప్పేది ఒకటే: ఆ మాట నమ్మకండి. మాటలు గుర్తుపట్టగలరు, అర్థాలు మాత్రం ఆ ఊరివాళ్ళని అడిగి తెలుసుకోవాల్సిందే.

నేను రష్యాలో ఆరేళ్ళు మెడిసిన్ చదివాను. తర్వాత వదిన కాన్పుకు సాయంగా చెక్ రాజధాని ప్రాగ్‌లో రెండు నెలలున్నాను. ఓ సాయంత్రం చారులో ఇంగువ పోపు వేశానో లేదో, కాలింగ్ బెల్ మోగింది. కింది వాటాలో ఉండే పెద్దావిడ. గాలి పీల్చి ఏదో అంది. నాకు అందులో ‘వొనీ’ ఒక్కటే వినపడింది. రష్యన్‌లో ‘వన్యాయెత్’ అంటే కంపు కొడుతోందని. గుండె జారిపోయింది. పరాయి దేశంలో పోపు పెట్టుకునేవాళ్ళకి ఆ టెన్షన్ తెలుసు. పరుగున వెళ్ళి కిటికీలు తెరిచి, రష్యన్‌లో క్షమాపణలు చెప్పాను. 1989కి ముందు అక్కడి బళ్ళలో రష్యన్ తప్పనిసరిగా నేర్పేవారు. ఆవిడ ఆ పాత పాఠాలు కూడబలుక్కుని, “కంపు కాదమ్మా, ఘుమఘుమలాడుతోంది” అంది. గిన్నెడు చారు ఇచ్చి పంపాను.

చెక్‌లో ‘వూన్యె’ అంటే సువాసన, సెంటుని ‘వొన్యాఫ్కా’ అంటారు. రష్యన్ కంపుకీ దీనికీ మూలం ఒకే పాత స్లావిక్ మాట (రష్యన్, చెక్ రెండూ స్లావిక్ కుటుంబం భాషలే). మొదట్లో దానికి మంచీ చెడూ లేదు, ఉత్త వాసనే. రష్యన్‌లోనే సాక్ష్యం ఉంది: పరిమళాన్ని ‘బ్లగవోనియె’ అంటారు, దుర్గంధాన్ని ‘జ్లవోనియె’ అంటారు. మూలపదంలోనే చెడు ఉంటే దానికి ముందు ‘మంచి’, ‘చెడు’ అని తగిలించాల్సిన పనేముంది? ‘జాపఖ్’ కథ దీనికి తలకిందులు. రష్యన్‌లో మామూలు వాసన, చెక్‌లో దుర్గంధం.

‘వొనీ’కి మూలమైన ఆ పాత మాట నుంచి ఇంకా వెనక్కి వెళ్తే ఊపిరి తీయడం అనే ధాతువు దొరుకుతుంది. మన ‘ప్రాణం’, ‘అనిలం’లో ఉన్న ‘అన్’ అదే. దీన్ని పట్టుకుని రష్యన్ సంస్కృతం నుంచే పుట్టిందని వాట్సాప్‌లో తిప్పుతుంటారు, అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అవి ఒక తల్లి బిడ్డలు, అంతే. వాసన మాటలు ఇలా దారి మళ్ళడం మనకూ కొత్త కాదు. కన్నడంలో మల్లెపూల పరిమళాన్ని ‘కంపు’ అంటే వాళ్ళకి పొగడ్త, మనకి తిట్టు.

పాప పుట్టాక ఆ పెద్దావిడ చూడ్డానికి వచ్చింది. ఒళ్ళోకి తీసుకుని, పాప మాడు మీద ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని అదే మాట అంది: ‘వొనీ’.