ఫ్యాక్టరీ మేనేజరుగా మావాడి పేరు పెడతారట, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ కెమికల్. జీడిమెట్లలో చిన్న బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్‌లో ఆరేళ్లుగా ప్రొడక్షన్ చూస్తున్నాడు. పాత మేనేజరు మానేశారు. లైసెన్సు కాగితాల్లో ఫ్యాక్టరీ మేనేజరుగా వీడి పేరు పెట్టి, నెలకు 8 వేలు పెంచుతారట. ‘సంతకం లాంఛనమే’ అంటున్నారు. ఒప్పుకోమంటారా?
– ఒక తండ్రి, సూరారం

జవాబు: ఆ ‘లాంఛనం’ అన్న మాటే నాకు నచ్చలేదండీ.

ఫ్యాక్టరీకి చట్టం ఇద్దరిని జవాబుదారీ చేస్తుంది. మొదటివారు ఆక్యుపయర్, అంటే ఫ్యాక్టరీ మీద అంతిమ అధికారం ఉన్నవారు. కంపెనీ అయితే ఆ స్థానంలో ఒక డైరెక్టరే ఉండాలి. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, 1987లో చట్టాన్ని అలా సవరించారు. ఉద్యోగిని ముందుకు తోసి డైరెక్టర్లు తప్పుకోవడం కుదరదని 1996లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. రెండోవారు మేనేజరు. మీవాడిని అడుగుతున్నది ఇదే. ఆక్యుపయర్‌గా పెడతామంటే మాత్రం మాట్లాడకుండా వచ్చేయమనండి.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి వృత్తి భద్రత కోడ్ అనే కొత్త చట్టం వచ్చింది. భద్రత బాధ్యత ఉన్నవారు దాన్ని గాలికొదిలేయడం వల్ల కార్మికుడు చనిపోతే రెండేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. అంతేకాదు, జీతాలకు సంబంధించిన చట్టమైన వేతనాల కోడ్‌లో ‘యజమాని’ అంటే ఆక్యుపయరే కాదు, మేనేజరుగా పేరు నమోదైన మనిషి కూడా. కూలీల జీతాలు ఆగితే వచ్చే నోటీసు మీద మీవాడి పేరూ ఉండొచ్చు. భోపాల్ కేసులో 2010లో శిక్ష పడ్డవాళ్లలో చైర్మనూ ఉన్నారు, వర్క్స్ మేనేజరూ ఉన్నారు, ప్రొడక్షన్ అసిస్టెంటూ ఉన్నాడు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. ముప్పై ఏళ్లకే ఫ్యాక్టరీ మేనేజరంటే మంచి మెట్టే. కాకపోతే పేరుతో పాటు అధికారం కూడా రావాలి. ఒకసారి ఒక యూనిట్‌లో హాట్ వర్క్ పర్మిట్ (వెల్డింగ్ లాంటి నిప్పు పనులకిచ్చే అనుమతి) పుస్తకం తిరగేశాను. ఇంకా నింపని మూడు పేజీల మీద మేనేజరు సంతకం అప్పటికే ఉంది. తేదీ ఖాళీ, ఎక్కడ వెల్డింగో ఖాళీ. ‘సార్ సాయంత్రాలు ఉండరు కదా, అందుకని’ అన్నాడు సూపర్‌వైజరు. పక్క షెడ్డులో టోలీన్ అనే, ఇట్టే అంటుకునే ద్రావకం డ్రమ్ములున్నాయి. ఆ రాత్రి నిప్పురవ్వ పడి ఉంటే కోర్టు ముందుకు వచ్చేది ఆ సంతకమే.

మీవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. ‘రియాక్టర్‌లో ఆక్సిజన్ చూడకుండా మనిషిని దించమంటే నేను బ్యాచ్ ఆపగలనా?’ అని అడగమనండి. ఎండీ గారు నవ్వేసి మాట మారిస్తే మీకు జవాబు దొరికినట్టే. సరేనంటే అది అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాయించుకోవాలి. గ్లోవ్స్, గ్యాస్ మీటర్లు, మెషీన్లకు బిగించే రక్షణ కవచాల వంటివి ఎవరినీ అడగకుండా ఎంతవరకు కొనొచ్చో ఆ మొత్తమూ, కేసు పడితే లాయరు ఖర్చు ఎవరిదన్నదీ అందులోనే ఉండాలి.

చేరాక అలవాటు చేసుకోవాల్సింది రాతపని. ‘సెంట్రిఫ్యూజ్ ఇంటర్‌లాక్ (మెషీన్ తిరుగుతుండగా మూత తెరుచుకోకుండా ఆపే ఏర్పాటు) పని చేయడం లేదు, మార్చాలి’ అని నోటితో చెప్తే చెప్పనట్టే లెక్క. మెయిల్ పెట్టాలి, కాపీ దాచుకోవాలి. తప్పు జరగకుండా తగిన జాగ్రత్తంతా తీసుకున్నానని రుజువు చేసుకున్నవారిని చట్టం వదిలేస్తుంది. ఆ రుజువు ఈ కాగితాలే. అయితే మెయిల్ పెట్టి అదే మెషీన్‌ను నడిపిస్తూ కూర్చుంటే మాత్రం ఆ మెయిలే మెడకు చుట్టుకుంటుంది.

ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది. పాత మేనేజరు మానేశారన్నారు కదా, ఆయన పేరు ఫ్యాక్టరీల శాఖ రికార్డుల్లోంచి తీశారా? మీవాడిని కనుక్కోమనండి. రేపు తను మానేసినా రాజీనామా అందినట్టు సంతకం తీసుకుని, మేనేజరు మారినట్టు శాఖకు పంపిన నోటీసు కాపీ చేతికి వచ్చాకే గేటు దాటాలి.