మూడేళ్లుగా పడిన బీపీ మాత్ర ఇప్పుడు పడకుండా పోతుందా?

ప్రశ్న: మా అమ్మకి 61 ఏళ్లు. మూడేళ్లుగా బీపీకి రామిప్రిల్ వేసుకుంటోంది. ఈ ఆర్నెల్లలో మూడుసార్లు పొద్దున లేచేసరికి పై పెదవి, ఒక పక్క బుగ్గ బాగా వాచిపోయాయి, దురద లేదు, దద్దుర్లు లేవు, రెండ్రోజులకి దానంతటదే తగ్గిపోతోంది. తిండి పడట్లేదేమోనని వంకాయ, గోంగూర, రొయ్యలు మాన్పించేశాం, సెట్రిజిన్ వేసినా లాభం లేదు. ఎలర్జీ టెస్టులు చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: టెస్టుల సంగతి తర్వాత తల్లీ, ముందు ఆ రామిప్రిల్ ఇంకొక్కటి కూడా వెయ్యకండి, అలాగని బీపీకి మందు లేకుండా వదిలెయ్యకుండా ఇవాళే డాక్టర్ దగ్గరికెళ్లి మార్పించండి. దురద లేని వాపు, అదీ పెదవి మీద, 'ప్రిల్' మాత్ర వాడేవాళ్లకి వచ్చిందంటే నేను మొదట అనుమానించేది ఆ మాత్రనే. ఎనలాప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్ కూడా ఇదే కుటుంబం.

ఇన్నేళ్లు పడింది కదా అనే అందరూ మోసపోతారు, కొందరికి మొదటి వారంలోనే వస్తుంది, కొందరికి ఏళ్ల తర్వాత వస్తుంది. అసలిది మామూలు ఎలర్జీ కాదు. ఈ మందు ఆపే ఎంజైమే ఒంట్లో బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని కూడా విరగ్గొడుతుంది, అది విరగకపోతే పేరుకుపోయి సన్న రక్తనాళాల్లోంచి నీరు ఊరి వాపొస్తుంది. మామూలు ఎలర్జీలో దురద, వాపు తెచ్చే హిస్టమిన్ అనే పదార్థానికి ఇందులో పాత్రే లేదు కాబట్టి సెట్రిజిన్ పనిచెయ్యదు, చర్మం మీద పొడిచి చేసే టెస్టుల్లోనూ ఇది దొరకదు. మాత్ర ఆపి చూడటమే దీనికి పరీక్ష. కానీ ఆపాక కూడా కొన్ని వారాలపాటు ఒకటీ అరా వాపు రావచ్చు, అది చూసి మాత్ర తప్పేం లేదనుకుని మళ్లీ మొదలుపెట్టకండి. నెలలు గడిచినా వస్తుంటే అప్పుడు ఈ రకం వాపుకి వేరే కారణం ఉందేమో చూడటానికి సీ1 ఇన్‌హిబిటర్, సీ4 అనే రక్తపరీక్షలు చేయిస్తారు.

షుగర్‌కి విల్డాగ్లిప్టిన్ కూడా వాడుతున్నారా? ఉంటే డాక్టర్‌కి తప్పక చెప్పండి, రెండూ కలిస్తే ఈ వాపు ముప్పు పెరుగుతుంది. పొడి దగ్గున్నా, కారణం తెలియని కడుపునొప్పి వచ్చినా చెప్పండి, అవీ ఈ ప్రిల్ మాత్ర వల్లే కావచ్చు. బదులుగా ఆమ్లోడిపిన్ లాంటివి ఉన్నాయి, టెల్మిసార్టాన్ కూడా చాలామందికి పడుతుంది గానీ అది డాక్టర్ చూసి నిర్ణయించాలి.

నాలుక వాచినా, గొంతు మారినా, మింగలేకపోయినా, రెండ్రోజుల్లో తగ్గుతుందిలే అని కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

'ప్రిల్ మందులు పడవు' అని ఆవిడ ఫైలు మీద పెద్దక్షరాలతో రాయించండి. గోంగూర, వంకాయ తిన్నాకే వాపు వచ్చిందని మీకు గట్టిగా తెలిస్తే తప్ప, ఆవిడకి అవి మాన్పించాల్సిన పని నాకైతే కనిపించట్లేదమ్మా.