బెంటన్‌విల్ వచ్చే ముందు మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

అమెరికా దుకాణాల కంపెనీ వాల్‌మార్ట్‌లో, బెంటన్‌విల్ హెడ్డాఫీసులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. "శామ్ వాల్టన్ విలువలు ఇంకా ఉన్నాయా అత్తా, లేక గోడ మీద ఫొటోలేనా?" అని కంపెనీ పెట్టినాయన గురించి నువ్వు పెట్టిన మెసేజ్ కూడా చూశాను. సరుకు అమ్మే సప్లయర్ల తరఫున ఏళ్ల తరబడి వాల్‌మార్ట్ బయ్యర్ల, అంటే కంపెనీ కోసం సరుకు కొనే ఉద్యోగుల ఎదుట కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నా, ఆ ప్రశ్న గంపగుత్తగా అడగొద్దు. ఒక్కో విలువనూ విడివిడిగా చూడు.

ముందు ధర. 1945లో ఆర్కన్సా రాష్ట్రంలోని న్యూపోర్ట్‌లో వాల్టన్ ఒక చిన్న కొట్టు తీసుకున్నాడు. ఆడవాళ్ల లోదుస్తులు డజను 2.50 డాలర్లకు కొని డాలరుకు మూడు చొప్పున అమ్మేవాడు. న్యూయార్క్‌లో ఒకాయన దగ్గర అవే 2 డాలర్లకు దొరికాయి. మిగిలిన అర డాలరు జేబులో వేసుకోలేదు, డాలరుకు నాలుగు ఇవ్వడం మొదలెట్టాడు. లెక్క వేసి చూడు, డజను మీద లాభం ఒకటిన్నర డాలర్ల నుంచి ఒక డాలరుకు తగ్గింది. సరుకు మాత్రం ఎగబడి కొన్నారు. 1962లో రోజర్స్‌లో పెట్టిన మొదటి వాల్‌మార్ట్‌దీ ఇదే లెక్క. ఈ ఒక్కటీ ఈరోజుకీ చెక్కుచెదరలేదు. సెంటు దగ్గర కూడా బయ్యర్ పట్టు విడవడు.

నిజాయితీ దగ్గర కథ కాస్త మారుతుంది. సప్లయర్ దగ్గర కప్పు కాఫీ కూడా పుచ్చుకోకూడదన్నది వాల్టన్ నాటి నియమం. బల్ల మీద మనం పెట్టిన నీళ్ల సీసా వైపు కూడా బయ్యర్ చెయ్యి చాపడు. అదే కంపెనీ మెక్సికో, బ్రెజిల్, చైనా, మన ఇండియాలో అవినీతిని అరికట్టే కట్టుబాట్లు సరిగ్గా అమలు చేయలేదన్న కేసులో 2019లో అమెరికా ప్రభుత్వానికి 28 కోట్ల డాలర్లకు పైగా కట్టింది. ఊళ్లో ఉన్న నియమం సముద్రం దాటేసరికి పలచబడిందన్నమాట.

అసలు చిక్కు పనివాళ్ల సంగతి. 1971లో లాభాల్లో వాటా పెట్టి, ఉద్యోగుల్ని అసోసియేట్స్ అన్నాడని అందరూ చెబుతారు. నిజమే, ఆ వాటాతో లక్షల డాలర్లు కూడబెట్టుకుని రిటైరైన లారీ డ్రైవర్లున్నారు. కానీ అంతకుముందు అదే మనిషి చిన్న కంపెనీలకు మినహాయింపు ఉన్న కనీస వేతన చట్టం తప్పించుకోవడానికి ఒక్కో షాపును వేరే కంపెనీగా చూపించబోయాడు. కోర్టు ఒప్పుకోలేదు. తొలి రోజుల్లో పనివాళ్లను పట్టించుకోలేదని ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. వాటా అందరికీ ఇవ్వాలని భార్య హెలెన్ పోరిందట! కాబట్టి "వ్యవస్థాపకుడి విలువలు" అని ఎవరైనా అంటే, ఏ సంవత్సరం వాల్టన్ అని అడుగు.

ఆ లాభాల వాటా 2011లో పోయింది, బదులుగా రిటైర్మెంట్ ఖాతాలో కంపెనీ కొంత జమ చేస్తుంది. 2014 నుంచి 2026 జనవరి దాకా సీఈఓగా చేసిన డగ్ మెక్‌మిలన్ 1984లో వేసవి ఉద్యోగిగా లారీల్లో సరుకు దించాడు, అంటే నిచ్చెన ఉంది. కాకపోతే మెట్ల మధ్య ఎడం బాగా పెరిగింది. ఈమధ్య సంవత్సరాల్లో సీఈఓ జీతం మధ్యస్థ ఉద్యోగి (జీతాల వరుసలో సరిగ్గా నడిమధ్యన ఉండే మనిషి) జీతానికి 900 రెట్ల పైనే. నన్నడిగితే, వాల్టన్ పొదుపుకు గుర్తుగా ఆయన పాత ఫోర్డ్ ట్రక్కు మ్యూజియంలో ఉందా, హెడ్డాఫీసు కొత్త క్యాంపస్ 350 ఎకరాలా అన్న చర్చ కన్నా ఈ అంకె మీద ఆలోచించడం మేలు.

సంతకం పెట్టే ముందు ఏటా షేర్‌హోల్డర్లకు పంపే ప్రాక్సీ స్టేట్‌మెంట్ చదువు, ఆ 900 అక్కడే ఉంటుంది. తర్వాత ఒక పొద్దున్నే ఏదైనా షాపుకెళ్లి, అరల్లో సరుకు సర్దే మనిషిని వారానికి ఎన్ని గంటలు ఇస్తున్నారో, షెడ్యూల్ ఎన్ని రోజుల ముందు చెబుతారో మర్యాదగా అడుగు. ఉద్యోగంలో చేరాక నువ్వు రాసే సాఫ్ట్‌వేర్ ఆ గంటల్నే మార్చొచ్చు. నీకు కాబోయే మేనేజర్‌ను కూడా ఒకటడుగు, షాపులో ఆఖరిసారి ఎప్పుడు నిలబడ్డారని. వాల్టన్ రోజులు షాపుల్లోనే గడిచేవి.

ఇంకో సంగతి. 2024లో డల్లాస్, అట్లాంటా, టొరంటో ఆఫీసుల వాళ్లలో చాలామందిని బెంటన్‌విల్‌కో, మరో పెద్ద ఆఫీసుకో మారమన్నారు. అమ్మాయి స్కూలు, కోడలి ఉద్యోగం చూసుకోవాలి కదా. నీ పోస్టింగ్ ఎక్కడో, ఇంటి నుంచి పని ఎన్ని రోజులో కాగితం మీద రాయించుకున్నాక ఫోన్ చెయ్యి. అద్దె ఇల్లు నేను చూసిపెడతా.

ఇట్లు,
మీ అత్త