మనవడికి తండ్రి బుద్ధులు వస్తున్నాయా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మనవడికి 15 ఏళ్లు. మా అమ్మాయి కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. అల్లుడు తాగుడుకి బానిసై వదిలేసి పోయాడు. వీడు సంక్రాంతికి గుండాట అనే జూదం ఆడాడు, ఈమధ్య నా పెట్టెలో 600 రూపాయలు తీశాడు, బడి ఎగ్గొట్టి అబద్ధాలాడుతున్నాడు. రాత్రి పన్నెండున్నరకి వాళ్లమ్మ ఫోన్ చేస్తే అన్నీ చెప్పి ఏడుస్తున్నాను. తండ్రి బుద్ధులే వస్తున్నాయని భయంగా ఉంది.
– ఒక అమ్మమ్మ

జవాబు: అమ్మా, ‘తండ్రి బుద్ధులు’ అన్న మాట ముందు ఇంట్లో వినపడకుండా చూడండి. తానెలాంటివాడో తేల్చుకునే వయసు ఇది. రోజూ చెవినపడే మాటే నిజమనుకుంటాడు. తాగుడుకు లోనయ్యే గుణం కొంత వంశంలో రావచ్చు, డబ్బు తియ్యడం రక్తంలో రాదు. “600 అడక్కుండా తీశావు” అనండి, అక్కడితో ఆపండి.

ఇక ఆ ఫోన్. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. మీ అమ్మాయి పని తెమిలి 10కి చేస్తే ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. ఈ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, పైగా నిద్ర ఆలస్యంగా పడుతుంది. మాటలయ్యాక ఫోన్ బాబు చేతిలోనే ఉండిపోతే పొద్దున బడికి ఎలా లేస్తాడు? రోజూ ఆవిణ్ణి వాయిస్ మెసేజ్ పెట్టమనండి, టిఫిన్ తింటూ వింటాడు. మాటలు ఆవిడ సెలవు రోజున పెట్టుకోండి. అప్పుడు మాత్రం ఫిర్యాదులొద్దు, అవి మీరిద్దరూ విడిగా చెప్పుకోండి. దొరికే ఆ అరగంటా తిట్లకే పోతే బాబు తల్లి ఫోనే తప్పించుకుంటాడు. ఇక ఆవిడ చేతిలో మిగిలేది డబ్బు పంపడమొక్కటే.

తీసిన డబ్బు తిరిగి కట్టించండి. వారానికి 100 ఇచ్చి అందులో 50 పట్టుకుంటే 12 వారాల్లో తీరుతుంది. మొత్తం ఆపేస్తే మళ్లీ పెట్టె తెరుస్తాడు. తల్లి జాలిపడి ఇంకెవరి చేతో ఇప్పించకుండా ముందే మాట తీసుకోండి.

బడికి రాలేదని మాస్టారు చెప్పాక కూడా “బడికెళ్లావా?” అని అడిగితే అబద్ధమే వస్తుంది. “నిన్న మధ్యాహ్నం బడిలో లేవట, ఎక్కడున్నావు?” అనండి.

తోటివాళ్లు చూస్తుంటే ఈ వయసులో తెగింపు పెరుగుతుంది. ఒంటరిగా ఉంటే గుండాట జోలికి పోయేవాడు కాదేమో. స్నేహాలు తెంచకండి, వాళ్లని భోజనానికి పిలవండి, ఎవరెలాంటివారో మీకే తెలుస్తుంది. ఇంట్లో కొబ్బరిచెట్లుంటే దింపు రోజున కాయల లెక్క బాబుకే అప్పగించండి.

రెండు వారాలపాటు తిండి సరిగా తినక, ఎవరితోనూ మాట్లాడకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోతానన్న మాట నోట వస్తే మాత్రం ఆగకండి, ఆ క్షణమే చెయ్యండి, బాబుని ఒంటరిగా వదలకండి.