డాల్మా వండండి, ఇడ్లీ కొనుక్కోండి

ప్రశ్న: మాది బరంపురం. ఇద్దరం ఉద్యోగస్తులమే. పొద్దున్న అయిదింటికి లేచి టిఫిను, రెండు క్యారేజీలు, సాయంత్రం వచ్చాక మళ్ళీ వంట, గిన్నెలు, రేపేం వండాలా అన్న టెన్షను... లెక్కేస్తే రోజుకి నాలుగు గంటలు వంటింట్లోనే. మావారేమో రాత్రిళ్ళు హోటల్లో తినేద్దాం అంటారు. అత్తగారికి పప్పూ కూరా చారూ మూడూ ఉండాల్సిందే. ఏం చెయ్యమంటారు?
– ఓ పాఠకురాలు

జవాబు: రాత్రి హోటలుకి వెళ్తే టైము మిగులుతుందంటే నేను నమ్మనమ్మా. తయారవడం, బండి తియ్యడం, ఆర్డరిచ్చి కూర్చోవడం, బిల్లు కోసం చూడడం, మొన్న మేం నలుగురం వెళ్తే గంటన్నర పట్టింది, రోటీలు చల్లారిపోయి వచ్చాయి, దానిమీద 5 శాతం జీఎస్టీ ఒకటి. అంతసేపట్లో ఇంట్లో వండుకుని తిని గిన్నెలు కూడా కడిగేసుకోవచ్చు.

బయట తినాలంటే పొద్దున్న తినండి. మీ ఊళ్ళో టిఫిను బండ్లకి కరువేముంది, ఇడ్లీ, ఉప్మా, వడ, పక్కన వేడివేడి బఠాణీల కూర, అదే ఘుగుని! ఇడ్లీలో అసలు చాకిరీ నానబెట్టడం, రుబ్బడం, పిండి పులిసిందో లేదో చూసుకోవడం, ఆ చాకిరీ డబ్బిచ్చి చేయించుకోవడంలో తప్పేం లేదు.

ఇక మీ టైము తినేస్తున్నది వంట కాదు, మన భోజనం తీరు. పప్పుకో గిన్నె, కూరకో మూకుడు, చారుకో గిన్నె, మూడు పోపులు. మీ పక్కింటి ఒడియావాళ్ళు పప్పూ కూరా ఒకే గిన్నెలో కలిపి వండే డాల్మా ఎలా చేస్తారో ఓసారి వెళ్ళి చూడండి. కందిపప్పు అరగంట ముందే నానబెట్టుకుంటారు, పసుపు, ఉప్పు వేసి అరటికాయ, బొప్పాయికాయ, గుమ్మడి ముక్కలతో కలిపి ఉడికిస్తారు. మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీలకి మరుగుతాయి, కుక్కర్లో అయితే 120 దాకా వెళ్తాయి కాబట్టి నానిన పప్పు ఇట్టే మెత్తబడుతుంది. వంకాయ మాత్రం మూత తీశాకే వేసి ఉడకనివ్వండి, ముందే వేస్తే ఎక్కడుందో వెతుక్కోవాలి. పైన నేతిలో పోపు, వేయించి దంచిన జీలకర్ర-ఎండుమిరప పొడి, ఇష్టమైతే కొబ్బరి కోరు. ఉల్లి, వెల్లుల్లి తరిగే పని కూడా లేదు. ఎండాకాలం రాత్రిళ్ళు అదీ వద్దనిపిస్తే పఖాళ ఉండనే ఉంది, మన చద్దన్నానికి చుట్టమే, పక్కన వడియాలు నలిపి చేసే బడిచూర ఉంటే చాలు.

అత్తగారు కంచంలో చూసి ఇది పప్పా కూరా అని అడుగుతారు, రెండూనండీ అని చెప్పండి. ఇంకోమాట, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ నాలుగు గంటల్లో మీవారు నాకెక్కడా కనిపించలేదు. చారు ఆయన్ని పెట్టమనండి.